కుంకుడు, చౌడు, బూడిద తేట: మన బట్టలు ఉతికిన చరిత్ర

మన సంఘం సమావేశాల్లో చరిత్ర మాట వస్తే పాటలు, నగలు, పండుగలు, పోరాటాల గురించి మాట్లాడుకుంటాం. ఈ సంచికకు బట్టలు ఉతకడం గురించి రాస్తామంటే కొందరు నవ్వారు. "అందులో చరిత్ర ఏముంది?" అన్నారు. మన ఇళ్ళలో యాభై అరవై ఏళ్ళ కిందట ఉన్న వస్తువులు, వాటిని తయారుచేసే తెలివి, వాటిని వదిలేసిన కారణం, వదిలేశాక మన చేతికొచ్చిన ఖర్చు, అన్నీ అందులో ఉన్నాయి. యువతీయువకులు ఓపికగా చదవాలని మా మనవి.

చిన్నప్పుడు మా తాండాలో సబ్బు బిళ్ళ అంటే పెళ్ళికి, పండక్కి కొనే వస్తువు. మామూలు రోజుల్లో యాడి కుంకుడుకాయలు కొట్టేది. ముసలివాళ్ళు పొయ్యిలో బూడిద కుండలో దాచేవాళ్ళు. ఆ తర్వాత మేము హాస్టల్‌కు వెళ్ళాం. మా చొక్కాల్లో పొగ వాసన వస్తోందని, రంగు మట్టిగా ఉందని తోటి పిల్లలు ఎగతాళి చేశారు. సెలవులకు ఇంటికొచ్చి "ఈ బూడిద నీళ్ళలో నా బట్టలు వేయొద్దు" అని యాడి మీద అరిచాం. ఆమె ఏమీ అనలేదు. మరుసటి వారం సంతలో సబ్బు కొనుక్కొచ్చింది. ఆ రోజు మేము ఏం పోగొట్టుకున్నామో అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మూడు వస్తువులు, మూడు పద్ధతులు

మొదటిది కుంకుడుకాయ. నల్లమలలో, లంకమల, పాలకొండ, శేషాచలం కొండల్లో కుంకుడు చెట్టు సహజంగా పెరుగుతుంది. చలికాలం చివర నుంచి ఎండాకాలం మొదలయ్యేదాకా కాయలు పండుతాయి. రాలిన కాయలు ఏరి, ఎండబెట్టి, సంచుల్లో దాచుకుంటే ఏడాదంతా పనికొస్తాయి. ఒక బకెట్ బట్టలకు గుప్పెడు కాయలు, అంటే ఇరవై దాకా తీసుకుని, రాయితో కొట్టి గింజలు తీసేసి, పై తోలును రాత్రంతా వేడినీళ్ళలో నానబెట్టేవాళ్ళు. పొద్దున చేత్తో పిసికి, పాత గుడ్డలో వడకడితే నురుగు రసం వస్తుంది. నల్లటి గింజలు పిల్లలకు గోలీలయ్యేవి. కుంకుడు తోలులో సాపోనిన్ అనే పదార్థం ఉంటుంది. అది నీటి తలతన్యతను తగ్గించి, నీళ్ళు గుడ్డ పోగుల్లోకి దూరేలా చేసి, మురికిని విడదీస్తుంది. సబ్బు చేసే పనిని చెట్టు కాయే చేస్తుందన్న మాట.

రెండోది చౌడు. మన పల్లెల్లో సౌడు అని కూడా అంటాం. వానలు వెనకబడి ఎండ ముదిరినప్పుడు, నీరు నిలిచిన పల్లపు నేలల్లో తెల్లటి పొర పైకి తేలుతుంది. కింది తడి ఆవిరవుతూ లవణాలను పైకి లాగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. అన్ని చౌడులూ ఉతకడానికి పనికిరావు. ఉప్పు ఎక్కువున్న మన్ను వేరు, సోడా ఎక్కువున్న మన్ను వేరు. పెద్దలు వేళ్ళతో రుద్ది, నాలుక కొసన పెట్టి తేడా చెప్పేవాళ్ళు. సోడా చౌడును గీకి తెచ్చి, కుండలో నీళ్ళు పోసి కలిపి, మన్ను అడుక్కు దిగాక పై తేటను వంచుకునేవాళ్ళు. ఆ తేటలో బట్టలు నానబెట్టడమో, ఉబ్బ వేయడమో చేసి, బండ మీద ఉతికి, జాడించి ఎండకు ఆరేసేవాళ్ళు. ఈ విద్యలో రజకులు ఆరితేరినవాళ్ళు. మనవాళ్ళు వాళ్ళ దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. ఆ మాట ఒప్పుకోవడం న్యాయం.

మూడోది బూడిద తేట. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి పరిచి, దాని మీద జల్లించిన కట్టెల బూడిద నింపి, పైనుంచి నీళ్ళు పోస్తే కింద పాత్రలోకి పసుపు రంగు నీరు చుక్కలుగా దిగుతుంది. వేలితో తాకితే జారుడుగా ఉంటుంది. అందులో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. ఉత్తరేణి మొక్కను కాల్చిన బూడిద ఇంకా ఘాటు. తేట మరీ చిక్కబడితే చేతులు మండుతాయి. అందుకే నీళ్ళు కలిపి వాడేవాళ్ళు.

కడప బండ, కటిక నీళ్ళు

మన సీమలో ఈ మూడూ ఎందుకు నిలిచాయో తెలియాలంటే నీళ్ళను చూడాలి. కడప, కర్నూలు ప్రాంతమంతా సున్నపురాయి పరుచుకుని ఉంది. ఇంటి అరుగులకు, గోడలకు, బట్టలుతికే బండలకు మనం వాడే కడప బండ కూడా సున్నపురాయే. ఆ రాతి పొరల్లోంచి వచ్చే బావి నీళ్ళలో, బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అలాంటి నీళ్ళలో సబ్బు నురుగు రాదు. పైగా తెల్లటి పాకులా గడ్డకట్టి బట్టకు అంటుకుంటుంది. నీళ్ళు చప్పగా లేవు, కటువుగా ఉన్నాయని మన అమ్మలు చెప్పేది దీన్నే.

కుంకుడు రసం ఈ నీళ్ళలో అలా పాకు కట్టదు. చౌడులోని సోడా, బూడిదలోని పొటాష్ నీటిలోని కాల్షియాన్ని పట్టుకుని అడుక్కు దించి, నీటిని మెత్తబరుస్తాయి. ఈ రసాయన శాస్త్రం మన పెద్దలు పుస్తకాల్లో చదవలేదు. తరతరాలుగా చేసి చూసి తెలుసుకున్నారు.

నీళ్ళే లేని రోజులు కూడా ఉన్నాయి. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. ఎండిన వంకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను ముందు తాగడానికి, తర్వాత పశువులకు, మిగిలితే బట్టలకు వాడుకోవడం మన సీమకు కొత్త కాదు. ఒకే నీటిని రెండు మూడు పనులకు వాడే అలవాటు అలాంటి కరువుల్లోనే గట్టిపడింది. కుంకుడు రసంతో జాడించిన నీళ్ళు చెట్టు మొదట్లో పోసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

మన్ను మీద కూడా కన్ను

నిజాం 1800లో ఈ జిల్లాలను కంపెనీకి అప్పగించాడు. కర్నూలు నవాబు పాలన 1839లో ముగిసింది. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేయించిన తెలుగు నిఘంటువులో కుంకుడుకూ, చౌడుకూ చోటు దొరికింది. మాటలకు గౌరవం దక్కింది, మనుషులకు మాత్రం దక్కలేదు.

ఉప్పు మీద పన్ను ప్రభుత్వానికి పెద్ద ఆదాయం. చౌడు నేల నుంచి ఉప్పు తీసుకోవడాన్ని 19వ శతాబ్దం చివరికల్లా నేరం చేశారు. ఉప్పర్ల వృత్తి దెబ్బతింది. తీరం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్ళలో ధాన్యానికి మార్చుకునే ఎరుకల కుటుంబాలు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసే మన సుగాలీలు రైలు బండ్లతోనూ, ఉప్పు చట్టాలతోనూ బతుకు తెరువు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రంలోకి వచ్చి, ఎరుకలవాళ్ళలో చాలామందికి పుట్టుకతోనే దొంగ ముద్ర వేసింది. ఆ చట్టం దేశమంతటా రద్దు కావడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది.

అడవిలోనూ అంతే. 1882 మద్రాసు అటవీ చట్టంతో నల్లమల కర్నూలు వైపు భాగం రిజర్వు అడవి అయింది. చెంచులు తరతరాలుగా ఏరుకున్న తేనె, కుంకుడు, శీకాయ ఒక్కసారిగా సర్కారు సొత్తయ్యాయి. తమ చెట్టు కాయను ఏరుకోవడానికి అనుమతి అడగాల్సిన రోజు వచ్చింది.

సబ్బు వచ్చింది, పొడి వచ్చింది

"సబ్బు" అనే మాటే బయటినుంచి వచ్చింది. అరబ్బీలో సాబూన్, పోర్చుగీసులో సబావ్ దాని చుట్టాలు. ఇంగ్లండు నుంచి సన్‌లైట్ సబ్బు 1888లో కలకత్తా రేవులో దిగింది. అది మన తాండాల దాకా రావడానికి చాలాకాలం పట్టింది. 1959లో సర్ఫ్ పొడి వచ్చింది, కానీ దాన్ని కొనగలిగింది పట్నాలవాళ్ళే.

మన ఇళ్ళను నిజంగా మార్చింది నిర్మా. దాని కథ మన యువత తప్పక తెలుసుకోవాలి. గుజరాత్‌లో ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసే కర్సన్‌భాయ్ పటేల్ 1969లో తన ఇంటి వెనక పసుపు పొడి కలిపి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మారు. పెద్ద కంపెనీ పొడి ధరలో చిన్న భాగానికే ఇచ్చారు. అంటే మన కుంకుడుకాయను ఇంట్లోంచి పంపేసిన పొడి కూడా మొదట ఇంట్లో చేసుకున్నదే! ఆయనకు వస్తువును సంతకు చేర్చే దారి దొరికింది. మన దగ్గర వస్తువు ఉంది, తెలివి ఉంది, దారి మాత్రం లేదు. మనం కాయలు మూటకట్టి తక్కువ ధరకు అమ్మి, ఆ డబ్బుతో ఎక్కువ ధర పెట్టి పాకెట్ పొడి కొనుక్కుంటున్నాం.

1980లలో డ్వాక్రా సంఘాలు వచ్చాక మన మహిళలు మళ్ళీ ఇంట్లో వాషింగ్ పౌడర్ చేయడం నేర్చుకున్నారు. సోడా యాష్, స్లర్రీ, ఉప్పు, రంగు, వాసన కలిపి ఆరబెట్టి పాకెట్లు కట్టేవాళ్ళు. ఈ పనిలో ఒక జాగ్రత్త ఉంది. స్లర్రీ అంటే ఘాటైన ఆమ్లం. చేతికి గ్లౌజులు, ముక్కుకు గుడ్డ లేకుండా కలపకూడదు. పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

కుంకుడు గురించి నిజం చెప్పుకుందాం

పాతదంతా బంగారం అని మేము చెప్పడం లేదు. కుంకుడు రసం నూనె మరకను, ట్రాక్టర్ గ్రీజును వదిలించలేదు. తెల్లబట్టలు కొన్నాళ్ళకు పసుపెక్కుతాయి. రసం రెండు మూడు రోజుల్లో పులిసి వాసన వస్తుంది. కంట్లో పడితే బాగా మండుతుంది. ఇంకో సంగతి, కుంకుడు చేపలకు విషం. కుంటలో, చెరువులో చిక్కటి రసం పారబోయకూడదు.

కానీ రంగు బట్టలకు, పట్టుకు, ఉన్నికి దానికి మించింది లేదు. మన సుగాలీ ఆడవాళ్ళ ఫేట్యా, కాంచళి, టుక్రీ చూడండి. అద్దాలు, గవ్వలు, రంగు దారాల కుట్టుపనితో ఒక్కో జత నెలల శ్రమ. ఘాటు పొడిలో నానబెడితే రంగులు దిగిపోతాయి, దారాలు పెళుసుబారతాయి. చల్లారిన కుంకుడు రసంలో కాసేపు ముంచి, పిండకుండా నీడలో ఆరేస్తే ఆ బట్టలు మనవరాళ్ళ దాకా నిలుస్తాయి. పెట్టెల్లో దాచిన పాత ఫేట్యాలు మెరుస్తున్నాయంటే కారణం అదే.

మన హక్కు, మన పని

గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైంది. తేనె, కుంకుడు, శీకాయ వంటివి గిరిజనుల నుంచి కొని, సబ్బులు, పొడులు చేసి అమ్ముతోంది. నల్లమల చెంచుల కోసం శ్రీశైలంలో ఐ.టి.డి.ఎ. ఉంది. అయితే కర్నూలు, కడప జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం ఒక్కటీ లేదు. ఏజెన్సీ గిరిజనులకున్న రక్షణ చట్టాలు కొన్ని మనకు వర్తించవు. పైగా నల్లమల 1978లో అభయారణ్యమై, 1983లో పులుల రక్షణ పథకం కిందికి వచ్చింది. అడుగడుగునా ఆంక్షలున్నాయి.

మనకు అండగా ఉన్నది 2006 నాటి అటవీ హక్కుల చట్టం. తరతరాలుగా ఏరుకుంటున్న చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కును, సేకరించి వాడుకుని అమ్ముకునే హక్కును ఆ చట్టం ఇచ్చింది. అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే పరిమితం కాదు. గ్రామసభలో దరఖాస్తు పెట్టడానికి చదువుకున్న పిల్లలు కావాలి. ఆ పిల్లలు మీరే.

కాబట్టి మీకు మూడు పనులు అప్పజెబుతున్నాం. మీ పెంటలో, గూడెంలో, తాండాలో ముసలివాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు బట్టలెలా ఉతికారో, ఏ చౌడు ఎక్కడ దొరికేదో, ఏ మాటలతో చెప్పేవాళ్ళో ఫోన్‌లో రికార్డు చేయండి. మన అటవీ హక్కు పత్రాల్లో కుంకుడు, శీకాయ పేర్లు ఉన్నాయో లేవో చూడండి. ఈ వానాకాలం ఒక కుంకుడు మొక్క నాటండి. అది కాయడానికి ఏళ్ళు పడుతుంది, ఓపిక పట్టండి.

ఇక మా సంగతి. ఈమధ్య పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు యాడిని కుంకుడుకాయలు కొట్టమని మేమే అడిగాం. "ఇప్పుడెందుకురా, సబ్బు ఉంది కదా" అంది. అయినా రాయి తీసుకుంది. ఆ నురుగులో మా చొక్కాతో పాటు ఆనాడు మేము అన్న మాట కూడా కొంచెం కడిగేసుకున్నాం.