ఆటలో దెబ్బ.. నిజంగా దురదృష్టమేనా? గాయాల లెక్క తీసిన నిపుణులు చెబుతున్నదేంటి?

పెదపారుపూడి: సంక్రాంతి దగ్గరపడుతోందంటే గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్ జట్లు రెడీ అయిపోతాయి. పండగ అయ్యాక చూస్తే మోకాలు పట్టుకుని కుంటే కుర్రాడు ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటాడు. "దిష్టి తగిలింది", "టైం బాగోలేదు" అనేస్తారు ఇంట్లోవాళ్లు. అయితే ఈ దెబ్బల మీదే ఏళ్ల తరబడి పనిచేస్తున్న పరిశోధకుల మాట వేరు. ఆట గాయాల్లో చాలావాటిని ముందే ఆపొచ్చని వాళ్లు లెక్కలతో చూపించారు. అందుకు జిమ్ అక్కర్లేదు. పెదపారుపూడి లాంటి ఊళ్లో స్కూల్ గ్రౌండ్, ఇరవై నిమిషాల టైం ఉంటే సరిపోతుంది.

ముందు లెక్క.. తర్వాతే మందు

నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెమ్ వాన్ మెహెలెన్ బృందం 1992లో ఓ నాలుగు మెట్ల పద్ధతి చెప్పింది. ఎన్ని గాయాలవుతున్నాయో లెక్కపెట్టాలి. ఎందుకవుతున్నాయో కనిపెట్టాలి. ఆపే ఉపాయం అమలు చేయాలి. మళ్లీ లెక్కపెట్టి ఫలితం చూడాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది కానీ, ఈ రంగం మొత్తం దీని మీదే నిలబడింది. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు కరోలిన్ ఫించ్ దీనికి ఇంకో ముఖ్యమైన మాట జోడించారు. ప్రయోగంలో పనిచేసింది కదా అని గ్రౌండ్‌లో పనిచేస్తుందనుకోవద్దు, కోచ్‌లు, ఆటగాళ్లు దాన్ని నిజంగా చేస్తారా లేదా అన్నది కూడా చూడాలని ఆమె వాదన.

నార్వేలో ఏం జరిగింది?

ఈ మాట ఎంత నిజమో నార్వే అనుభవం చెబుతుంది. అక్కడి ఓస్లో స్పోర్ట్స్ ట్రామా రీసెర్చ్ సెంటర్ 2000లో మొదలైంది. రోల్డ్ బార్, లార్స్ ఎంగెబ్రెట్సెన్ దాన్ని నడిపించారు. ఆ బృందంలోని గ్రెటె మిక్లెబుస్ట్ మహిళల హ్యాండ్‌బాల్‌ మీద దృష్టి పెట్టారు. మోకాలి లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు తెగిపోయిన కేసులు 1998-99 సీజన్‌లో 29. జట్లకు బ్యాలెన్స్, ల్యాండింగ్ వ్యాయామాలు నేర్పాక తర్వాతి సీజన్‌లో 23, ఆ పైసారి 17కు తగ్గాయి. ప్రయోగం ముగిసి పరిశోధకులు వెళ్లిపోయాక జట్లు వ్యాయామాలు వదిలేశాయి, గాయాలు మళ్లీ పెరిగాయి. కోచ్‌లను కూర్చోబెట్టి మళ్లీ మొదలుపెట్టించాక గానీ తగ్గలేదు.

ఈ ఏసీఎల్ ఎక్కువగా ఎవరో తోస్తే తెగదు. ఎగిరి దిగినప్పుడు, పరుగులో ఉండి ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు మోకాలు లోపలికి ఒరిగి తెగుతుంది. వీడియోలు పరిశీలిస్తే కాలు నేలను తాకిన దాదాపు 40 మిల్లీసెకన్లలోనే అంతా అయిపోతోందని తేలింది. అంటే కన్ను రెప్పవేసేంత టైం కూడా లేదు. "జాగ్రత్తగా ఆడరా" అని గట్టు మీద నుంచి అరిస్తే లాభం లేనిది అందుకే. సరిగ్గా దిగడం ఒంటికి అలవాటై ఉండాలి. అమ్మాయిలకు ఈ ముప్పు అబ్బాయిల కంటే ఎక్కువ. స్పోర్ట్స్ కోటా సీటు మీద ఆశ పెట్టుకున్న అమ్మాయికి ఒక్క తప్పు ల్యాండింగ్‌తో చదువు, ఆట రెండూ తలకిందులవుతాయి.

ఇరవై నిమిషాల వార్మప్

ఓస్లో బృందం, ఫిఫా వైద్య పరిశోధన విభాగం కలిసి రూపొందించిన వార్మప్ పేరు '11 ప్లస్'. 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలు 1,892 మందిపై నార్వేలో పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం గాయాలు మూడో వంతు దాకా, తీవ్రమైనవి సగం దాకా తగ్గాయి. ఒక్క కాలి గాయాల వరకే చూస్తే మాత్రం తేడా గణాంకాల్లో అంత గట్టిగా నిలబడలేదు. ఈ సంగతినీ వాళ్లు దాచలేదు.

ఇందులో ఉండేదంతా మనకు తెలిసినవే.. నెమ్మది పరుగు, ఒంటికాలి మీద నిలబడటం, ఎగిరి మెత్తగా దిగడం, మోచేతుల మీద ఒంటిని తిన్నగా నిలపడం. గుంజీలు కూడా ఉన్నాయి! బడిలో శిక్షగా తీయించే గుంజీలనే మోకాలు లోపలికి పోకుండా తీస్తే అదే రక్షణ.

తొడ వెనక కండరానికి 'నార్డిక్' వ్యాయామం ఉంది. మోకాళ్ల మీద కూర్చుంటే పక్కవాడు చీలమండలు పట్టుకుంటాడు. ఒంటిని తిన్నగా ఉంచి, ఆపుకుంటూ నెమ్మదిగా ముందుకు వాలాలి. డెన్మార్క్‌లో 942 మంది ఫుట్‌బాలర్లపై చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. ఈ వ్యాయామం చేసినవాళ్లలో తొడ కండరం పట్టేసిన కేసులు 15 అయితే, చేయనివాళ్లలో 52. మొదట్లో నొప్పులొస్తాయి కాబట్టి కొద్దికొద్దిగా పెంచాలి.

వాలీబాల్‌లో వేరే తంటా. నెట్ దగ్గర ఎగిరి దిగుతూ ఎదుటివాడి పాదం మీదో, పక్కవాడి పాదం మీదో కాలు వేస్తే చీలమండ బెణుకుతుంది. దిగడం నేర్పి, బ్యాలెన్స్ వ్యాయామాలు చేయిస్తే ఈ బెణుకులు దాదాపు సగానికి తగ్గినట్టు బార్ చూపించారు. ముందే ఒకసారి బెణికినవాళ్లకు ఇది మరీ అవసరం.

మన కబడ్డీకి అచ్చంగా సరిపోయే వార్మప్ అంటూ దీంట్లో లేదు. అయినా చీలమండ పట్టు, తొడ పట్టు పడినప్పుడు మెలి తిరిగేది ఆ మోకాలే. పైగా డెల్టా నల్లరేగడి ఎండితే పగుళ్లిస్తుంది. కోర్టులో ఆ పగుళ్లు పూడ్చి, నీళ్లు చల్లి చదును చేయడం కూడా గాయాల నివారణే అని చెప్పాలి.

మనవాళ్ల మోకాళ్లు, చీలమండలు

పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ల తర్వాత మళ్లీ నిలబడి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. పీవీ సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది, కానీ ఎడమ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో అదే నెలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమై, 2023 జనవరిలో గానీ మళ్లీ ఆడలేదు. ఇది ఒక్క దెబ్బకు వచ్చేది కాదు, ఎముక కోలుకునే టైం లేకుండా భారం పేరుకుపోతే వచ్చేది. వాళ్ల వెనక ఫిజియోలు, ట్రైనర్లు ఉన్నారు. ఊరి ఆటగాడికి ఉండేది పీఈటీ సార్ ఒక్కరే. అందుకే ముందు జాగ్రత్త అవసరం ఎక్కువున్నది ఇక్కడే.

'టప్' మంటే ఏం చేయాలి?

మోకాల్లో శబ్దం వచ్చి, కొద్ది గంటల్లోనే వాచిపోతే ఏసీఎల్ తెగి ఉండొచ్చు. మర్దనాలు, నాటు కట్లు వేసి ఆడించొద్దు. ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించాలి. సర్జరీ అయ్యాక తొందర కూడా ప్రమాదమే. తొమ్మిది నెలల దాకా ఆగిన ప్రతి నెలకూ మళ్లీ గాయమయ్యే ముప్పు దాదాపు సగం తగ్గుతూ వచ్చిందని 2016లో ఓస్లో అధ్యయనం తేల్చింది. అంటే సంక్రాంతి ఆటలో తెగిన మోకాలికి ఫిబ్రవరిలో సర్జరీ అయితే, నవంబరు దాకా కోర్టులో అడుగుపెట్టకూడదు.