అయిదూ ఒకటే

మా మేనకోడలు కరాటేలో చేరి నెల తిరగకముందే ఒక పాఠం అప్పజెప్పింది. క్లాసు చివర మోకాళ్ల మీద కూర్చుని పిల్లలంతా ఎలుగెత్తి చెప్పే అయిదు నియమాలవి. వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుకోవాలి, నిజాయితీ తప్పకూడదు, పట్టుదల పెంచుకోవాలి, మర్యాద పాటించాలి, ఆవేశాన్ని అదుపులో పెట్టుకోవాలి. జపాను మాటలూ వాటి అర్థాలూ గడగడా చెప్పేసింది. ప్రతి నియమానికీ ముందు ‘హితోత్సు’ అంటోంది. అంటే ఏమిటే అని అడిగాను.

"ఒకటి, మామయ్యా."

"మరి రెండోది?"

"అదీ ఒకటే. అన్నీ ఒకటే. ఇందులో రెండు లేదు."

ఎంత బావుంది ఈ లెక్క! మా నాయనమ్మ వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనేది కాదు. ‘లాభం’ అని, ఆ తర్వాత రెండు, మూడు అనేది. మన ఇళ్లలో ఒకటిని పైకి అనకుండా దాచుకున్నారు. అక్కడేమో ఒకటిని వదిలి ముందుకే పోరు. ఆ ఒకటి వెంట పడ్డాను. అది నన్ను చాలా దూరం తీసుకెళ్లింది.

అసలు ఇది కరాటేలో పుట్టింది కాదు. పాతకాలపు జపాను దస్తావేజుల్లో ప్రతి అంశానికీ ముందు ఒకటి అని రాసే అలవాటుంది. 1868లో మెయిజి చక్రవర్తి చేసిన ప్రమాణంలో అయిదు అంశాలున్నాయి, అయిదింటికీ ముందు ఒకటే. 1882లో సైనికులకు ఇచ్చిన రాజశాసనంలోనూ అయిదు సూత్రాలు, అన్నీ ఒకటితోనే మొదలు. ఆ గుమస్తాల రాతకు కరాటే గురువులు ప్రాణం పోశారు. ఏ నియమమూ ఇంకో నియమం కంటే తక్కువది కాదు, అందుకే దేనికీ రెండో స్థానం లేదు అన్నారు. కరాటే పుట్టిన ఒకినావా ద్వీపపు సంప్రదాయం ఈ నియమాలను పద్దెనిమిదో శతాబ్దపు సకుగవ గురువుకు ఆపాదిస్తుంది. ఇప్పుడు పిల్లలు చెప్పే రూపం మాత్రం 1949లో ఏర్పడిన జపాన్ కరాటే అసోసియేషన్ బడుల ద్వారా లోకమంతా పాకింది.

ఇక ఆ నియమాలు చెప్పే చోటు సంగతి. కరాటే బడిని ‘డోజో’ అంటారు. ఈ మాట వేళ్లు మన దేశంలోనే ఉన్నాయి. బుద్ధుడు జ్ఞానోదయం పొందిన చోటును సంస్కృతంలో బోధిమండం అంటారు. దాన్ని చైనా భాషలోకి తెచ్చినవాళ్లు ‘మార్గస్థలం’ అనే అర్థం వచ్చే రెండక్షరాలు వాడారు. ఆ అక్షరాలనే జపాను వాళ్లు డోజో అని పలికారు. భారతీయుడైన తండ్రికి, కూచా రాజవంశపు తల్లికి పుట్టిన కుమారజీవుడు 406లో విమలకీర్తి సూత్రాన్ని చైనా భాషలోకి అనువదించాడు. నేను డోజో నుంచి వస్తున్నాను అంటాడు అందులో విమలకీర్తి. ఎక్కడుంది ఆ డోజో అని అడిగితే వంకర లేని మనసే డోజో అని వివరిస్తాడు. గడప దగ్గర చెప్పులు విప్పి, తల వంచి లోపలికి అడుగుపెట్టే పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పే గురువు ఉంటే ఎంత బావుండును!

ఆ తర్వాత చాలా శతాబ్దాలు ఒక్క గెంతులో దాటాలి. బౌద్ధ మఠాల్లోని ఆ మాట కత్తిసాము శాలలకు పాకింది. ఒకినావాలో మాత్రం అలాంటి శాలలు లేవు. రాత్రిపూట, గురువుగారి పెరట్లో, ఒకరో ఇద్దరో శిష్యులు. అంతే బడి.

ఆ పెరటిని కళ్లకు కట్టినవాడు గిచిన్ ఫునకోషి. 1868లో పుట్టిన ఆ బడిపంతులు చీకటి పడ్డాక లాంతరు పట్టుకుని తన గురువు అంకో అజాతో ఇంటికి నడిచి వెళ్లేవాడు. గురువు వసారాలో నిటారుగా కూర్చుంటాడు. పక్కన గుడ్డి దీపం. శిష్యుడు ఒకే కదలికల వరసను రాత్రి తర్వాత రాత్రి, నెల తర్వాత నెల చేస్తూనే ఉంటాడు. మళ్లీ చెయ్యి అనడమో, ఎప్పుడైనా బావుంది అనడమో తప్ప గురువు నోట ఇంకో మాట రాదు. అక్కడ బెల్టు లేదు, తెల్ల దుస్తులు లేవు, గోడ మీద నియమావళి లేదు. అంత దూరం నడిచి రావడం, మళ్లీ అంటే మళ్లీ చెయ్యడం. మర్యాద అంటే అదే.

వరసగా నిలబడటం, అంకెకొక గుద్దు గుద్దడం తర్వాత వచ్చినవి. 1901లో అంకో ఇతోసు అనే గురువు కరాటేను షురి పట్టణంలో ప్రాథమిక పాఠశాలకు తెచ్చాడు. ఆయన శిష్యుడు కెంత్సు యాబు సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. పెరట్లో ఇద్దరికి నేర్పే విద్యను బడి మైదానంలో వందమందికి నేర్పాలంటే వరసలు కావాలి, కేకలు కావాలి. సైన్యంలో ఉండేవి అవే. ఈ రోజు ఏ ఊళ్లోనైనా కరాటే క్లాసులో కనిపించే క్రమశిక్షణలో సగం ఆ బడి మైదానానిదే.

నాకు బాగా ఇష్టమైన కాలం ఆ తర్వాతది. 1922లో యాభై దాటిన ఫునకోషి కరాటే ప్రదర్శన కోసం టోక్యో వెళ్లాడు. జూడో స్థాపకుడు జిగోరో కానో ఆయన్ని పిలిపించి తన జూడో శాల కోడోకాన్‌లో చేసి చూపమన్నాడు. ప్రదర్శన పని మీద వెళ్లినవాడు అక్కడే ఉండిపోయాడు. భార్యాపిల్లలు ఒకినావాలో. చేతిలో డబ్బు లేదు. ఒకినావా విద్యార్థులుండే మెయిసెయ్ జుకు అనే వసతిగృహంలో చిన్న గది దొరికింది. పగలు కాపలాదారు, తోటమాలి, గదులు ఊడ్చే మనిషి, అన్నీ ఆయనే. సాయంత్రం అక్కడి హాల్లో కరాటే గురువు. భోజనం ఖర్చు తగ్గించుకోవడానికి వంటవాడికి కరాటే నేర్పాడు. టోపీ, కిమోనో తాకట్టు పెట్టుకుని బతికాడు.

ఒక రోజు పత్రికా విలేఖరి ఒకాయన వచ్చాడు. తోట ఊడుస్తున్న ముసలాయన్ని చూసి కరాటే గురువు ఫునకోషిగారు ఎక్కడుంటారని అడిగాడు. ఒక్క నిమిషం ఆగండి అని ఫునకోషి చీపురు పక్కన పెట్టి, గబగబా మేడెక్కి, మర్యాదకు తగ్గ దుస్తులు వేసుకుని కిందికి వచ్చి, ఫునకోషిని నేనే అని పరిచయం చేసుకున్నాడు. ఆ విలేఖరి ముఖంలో కనిపించిన ఆశ్చర్యాన్ని ఎన్నడూ మరవలేనని తర్వాత తన జీవితకథలో రాసుకున్నాడు.

తోటమాలి వేషంలో అతిథి ముందు నిలబడి మాట్లాడటం అమర్యాద అనుకున్నాడాయన. తోట ఊడ్వడం మాత్రం తనకు తగని పని అనుకోలేదు. కరాటే మర్యాద మొత్తం నాకు ఈ మేడమెట్ల మీదే కనిపిస్తుంది.

1923 సెప్టెంబరు 1న భూకంపం వచ్చి టోక్యో నేలమట్టమైంది. ఆయన శిష్యుల్లోనూ కొందరు పోయారు. కొంతకాలానికి కత్తిసాము గురువు హకుడో నకయామా తన శాల ఖాళీగా ఉండే వేళల్లో వాడుకోమన్నాడు. జూడో నుంచి తెల్ల దుస్తులు, బెల్టులు అప్పటికే వచ్చాయి. 1924లో ఫునకోషి మొదటిసారి నల్ల బెల్టులు ఇచ్చాడు. కూర్చునేటప్పుడు ముందు ఎడమ మోకాలు, లేచేటప్పుడు ముందు కుడి పాదం అనే పద్ధతికి ఎడమ నడుముకు వేలాడే కత్తిని కారణంగా చెబుతారు. కత్తి లేని మా మేనకోడలు ఈనాటికీ ఆ కత్తికి చోటిస్తూనే కూర్చుంటుంది.

ఆయన శిష్యులకిచ్చిన ఇరవై సూత్రాల్లో మొదటిది మర్యాద గురించే. కరాటేకు మొదలూ తుదీ నమస్కారమే అని దాని సారం. 1936 నాటికి శిష్యులు చందాలు పోగుచేసి ఆయనకు సొంత శాల కట్టించారు. ఆయన కలం పేరు షోటో, ఆ శాల షోటోకాన్. 1945 బాంబు దాడుల్లో అది కాలిపోయింది.

కాలిపోయిన కట్టడం కంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. క్లాసు అయ్యాక పిల్లలు తడిగుడ్డ రెండు చేతులతో నేలకు అదిమి, నడుం వంచి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వరసగా తుడుచుకుంటూ పోయే ఆచారం జపాను శాలల్లో ఉంది. మన దగ్గర మేడల మీద, కల్యాణమండపాల్లో సాగే చాలా క్లాసుల్లో అది కనబడదు. తుడవడానికి పనిమనిషి ఉంటుంది. నమస్కారం మిగిలింది, తుడుపుగుడ్డ పోయింది. వంగడం ఒక్కటే నేర్పి, ఎందుకు వంగాలో చెప్పే పనిని తీసేశాం. ఇది చిన్న నష్టం కాదు. మన తాలింఖానాల్లోనూ మట్టిని తవ్వి, జల్లించి, నీళ్లు చల్లి మెత్తన చేసుకున్నాకే కుస్తీ మొదలయ్యేది. ఆ పని చేసిన చేతికి ఆ నేల మీద గౌరవం దానంతటదే వచ్చేది.

చివరికి అయిదో ‘ఒకటి’, ఆవేశం అదుపు. యుద్ధం ముగిశాక, ఎనభైకి దగ్గరపడ్డ ఫునకోషి ఒక రాత్రి కవితాగోష్ఠి నుంచి ఒంటరిగా ఇంటికి వస్తున్నాడు. చీకట్లోంచి ఒకడు మీదికి దూకి గొడుగు లాక్కోబోయాడు. ముసలాయన చటుక్కున వంగి, వాణ్ని ఆయువుపట్టు దగ్గర కదలకుండా పట్టుకున్నాడు. గస్తీ పోలీసు వచ్చాడు, అప్పజెప్పాడు. ఇంకెవరైనా అయితే పదిమందికి గొప్పగా చెప్పుకునేవారు. ఆయన మాత్రం వాడు యుద్ధం నుంచి తిరిగొచ్చి పని దొరకని సైనికుడై ఉంటాడని తలుచుకున్నాడు. ముందుగా చెయ్యి చేసుకోవద్దని కుర్రాళ్లకు రోజూ చెప్పే తానే ఆ పని చేశానని సిగ్గుపడ్డాడు.

ఈ కథ మా మేనకోడలికి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంత పెద్ద గురువుగారు కూడా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడా మామయ్యా?" అంది.