ఇల్లు - పనిచోటు: ఒక చారిత్రక పరిశీలన

మూసారాంబాగ్‌కు ఆ పేరు నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు (1755-1798) వల్ల వచ్చింది. ఆయన సేనలు నడిపాడు, ఫిరంగులు పోత పోయించాడు. ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఆయన సమాధి వుంది. కాని ఆ ఫిరంగులు పోసిన చేతులెవరివో, ఆ నడుములు ఎంత వంగాయో మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. శ్రామికుడు ఏమి తయారుచేశాడన్న ప్రశ్నతోపాటు ఎక్కడ, ఎట్లా కూర్చుని తయారుచేశాడన్న ప్రశ్నకూడా చరిత్రకారుడు వేయాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే ఆ ప్రశ్న మా పేటలోని అద్దె గదులకు వచ్చింది. హైటెక్ సిటీ కార్యాలయాల పని మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లలోకి దిగింది. కార్యాలయంలో కుర్చీ, బల్ల, దీపం, కరెంటు యజమాని ఖర్చు. ఇంట్లో అవి చాలామందికి సొంత ఖర్చయినాయి. మంచంమీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, వీపు వెనుక దిండు వేసుకుని పొద్దంతా పనిచేసిన యువకులను నేను చూశాను. పని ఫలితం కంపెనీకి చేరింది. మెడనొప్పి మాత్రం వారి సొంత ఆస్తిగా మిగిలింది.

ఇది కొత్త సంగతి కాదు. ఎల్‌బీనగర్ దాటి విజయవాడ రోడ్డున కొంతదూరం పోయి పక్కకు తిరిగితే పోచంపల్లి వస్తుంది. అక్కడ తరతరాలుగా ఇల్లే పనిచోటు. గుంటమగ్గాన్ని చూడండి. నేతకార్మికుడు గట్టున కూర్చుంటాడు. కాళ్లు గుంటలోకి దిగి తొక్కుడుచెక్కలకు ఆనుతాయి. నేల చెమ్మ నూలును తెగనీయదు. ఈ అమరికలో ఎన్నో తరాల దేహానుభవం వుంది. అయితే వీపుకు ఆనిక లేదు. వానాకాలంలో ఆ గుంటలోనే నీరు ఊరుతుంది.

స్త్రీల శ్రమ ఇంకా కఠినం. చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక, ఏళ్ల ప్రయత్నం తరువాత 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి ఆమె పేరే పెట్టాడు. ఆరవ తరగతితో చదువు ఆగిన ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ గౌరవానికి సంతోషిస్తూనే వొక మాట అడగాలి: ఆ చీరలమీద లాభం తీసిన వ్యాపారులకు ఇన్ని తరాలపాటు ఆ భుజాలు ఎందుకు కనిపించలేదు?

నొప్పికి మూలం పనిలో వున్నదని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే వ్రాశాడు. ఎడతెగని కూర్చోవడం, వొకే తీరున చేయి కదలడం, మనస్సుకు ఒత్తిడి - లేఖకుల జబ్బులకు ఈ మూడూ కారణాలన్నాడు. ఈనాటి కంప్యూటరు ఉద్యోగికీ ఇవే కారణాలు.

నివారణ కూడా రహస్యమేమీ కాదు. పాదాలు నేలకో పీటకో పూర్తిగా ఆనాలి. నడుముకు ఆనిక వుండాలి. మోచేయి బల్ల ఎత్తుకు రావాలి. తెర పై అంచు కంటి ఎత్తున, చేయి చాపినంత దూరాన వుండాలి. వెలుతురు పక్కనుంచి పడాలి. ల్యాప్‌టాప్‌లో తెరా మీటలూ వొకదానికొకటి అతుక్కుని వుంటాయి గనుక రెండూ సరైన ఎత్తున కుదరవు. తెరను పుస్తకాల దొంతరమీదికి ఎత్తి, విడి కీబోర్డు వాడాలి. అరగంటకొకసారి లేవాలి.

కాని లేచే తీరిక, బల్ల పట్టే గది, కుర్చీ కొనే డబ్బు ఎవరిస్తారు? ఆధునిక గృహపరిశ్రమ ఫ్యాక్టరీకి బయటి విభాగమేనని మార్క్స్ 1867లోనే చూపాడు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు వుండాలన్నది. ఆ హక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగింది. ఇంటి పనివారికి భద్రతలోనూ ఆరోగ్యంలోనూ సమానత్వం కోరిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక 1996లో వచ్చింది. భారతదేశం దానిని నేటికీ ధ్రువీకరించలేదు.

కనుక కుర్చీని విలాస వస్తువుగా చూడడం మానాలి. మగ్గంవలె అదీ ఉత్పత్తి సాధనమే. పని ఎవరిదో పనిముట్టు ఖర్చూ వారిదే కావాలి. నేతకార్మికురాలూ సాఫ్ట్‌వేరు ఉద్యోగీ వొకే కోర్కెల పత్రంమీద సంతకం చేయడానికి ఇంతకంటె సహజమైన కారణం వేరే అక్కరలేదు.