మూడు పందెములు, ఒక్క కిరీటము: ట్రిపుల్ క్రౌన్ పుట్టుపూర్వోత్తరములు

ఒక వారువము మొదటి పెద్ద పందెమున గెలిచి, రెండవదానియందును తన యీడు గుఱ్ఱములను వెనుక విడిచి, మూడవదానికి సిద్ధమగుచున్న దినములలో రేసుకోర్సులందును, పత్రికలందును, పందెము కాయువారి నోళ్లయందును ఒక్కటే ప్రశ్న వినవచ్చును: ఇందఱి నమ్మికను వీపున మోయుచున్న ఈ ఫేవరెట్ మూడవదానిని కూడ గెలిచి ట్రిపుల్ క్రౌన్ ధరించునా? ప్రశ్న తఱచుగా పుట్టును; అవునను సమాధానము మాత్రము ఒక్కొక్కప్పుడు ఒక తరము గడచిన పిమ్మటగాని లభింపదు. ఇందులకు కారణము గుఱ్ఱముల బలహీనత కాదు. ఆ మూడు పందెములును ఒకే గుఱ్ఱమును ఉద్దేశించి పుట్టినవి కాకపోవుటయే. వేర్వేరు కాలములలో, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు గుణములను పరీక్షించుటకై వెలసిన పందెములను తరువాతివారు ఒక సూత్రమున గ్రుచ్చి, సకలగుణములును ఒక్క ప్రాణియందే చూడగోరిరి. ఆ కోరిక పూర్వకథను నెల్లూరు తీరము నుండి చెప్పనారంభించుట అనుచితము కాదు; ఏలయన మేలుజాతి గుఱ్ఱము కొఱకు సముద్రము వంక చూచుట ఈ తీరమునకు శతాబ్దుల నాటి అలవాటు.

దక్షిణాపథమున వరి పండినది, ఒంగోలు ఎడ్లవంటి మహోక్షములు పెరిగినవి. కాని యుద్ధమునకు తగిన ఉత్తమాశ్వము మాత్రము ఇచ్చటి ఉక్కకును, తేమకును తాళి వంశము నిలుపుకొనలేకపోయినది. ఆశ్వికబలము జయాపజయములను నిర్ణయించుచుండిన ఆ కాలమున, గుఱ్ఱమును తెచ్చు ఓడకు రేవులో అభయము దొరకుట రాజ్యరక్షణలో ఒక భాగమే. కాకతీయ గణపతిదేవుడు 1244లో, నెల్లూరి సీమకు ఉత్తరమున నున్న మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, పగిలిన ఓడల నుండి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును రాజులు అపహరించు పాత ఆచారమును మాన్పి, సుంకమును ముప్పదింట ఒకపాలుగా నిర్ణయించి, ద్వీపాంతర వర్తకులకు ధైర్యము కలిగించెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు అభయమొసగుచు మరల శాసనము వేయించెను.

నెల్లూరికి ఈ వర్తకమున ప్రత్యేకమైన పాలు కలదు. శ్రీనాథుని హరవిలాసమును కృతినందిన అవచి తిప్పయ్యసెట్టి సింహవిక్రమపట్టణమునకు చెందినవాడు. ఆ పట్టణమే నేటి నెల్లూరని పండితులు చెప్పుదురు. రెడ్డిరాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములను సమకూర్చిన ఆ వర్తకశ్రేష్ఠుడు దేశదేశముల నుండి తెప్పించిన వస్తువుల వర్ణనలో, కర్పూరాది పరిమళద్రవ్యములతోపాటు పారశీక సముద్రద్వారముననున్న హురుముంజి గుఱ్ఱములును చోటుచేసికొన్నవి. కర్పూరము సరసన గుఱ్ఱము నిలిచినదన్నచో, అది ఎంత దుర్లభమైన వస్తువో ఊహింపవచ్చును. పాండ్యసీమను గూర్చి వ్రాయుచు మార్కోపోలో, అచ్చటి రాజులు ఏటేట వేల గుఱ్ఱములను అపారధనము పోసి కొనుచుండిరనియు, పోషణ తెలియనందున వానిలో పెక్కు సంవత్సరము తిరుగకుండనే నశించుచుండెననియు పేర్కొనెను. వచ్చిన గుఱ్ఱములే గాని పుట్టి నిలిచిన వంశము లేకపోవుట మన తీరపు అశ్వచరిత్రలోని విషాదము.

ఇంత వెలపెట్టి కొనువాడు గుఱ్ఱము మంచిచెడ్డలను ఎట్లు నిర్ణయించును? మన పెద్దలు లక్షణము చూచిరి. సుడులెచ్చట నున్నవి, వర్ణమెట్టిది, గిట్టలెట్లున్నవి, పలువరుస వయస్సును ఎట్లు తెలుపుచున్నది అను విచారణ ఒక శాస్త్రమైనది. మనుమంచిభట్టు హయలక్షణములను తెలుగున గ్రంథముగా రచించుట ఆ శాస్త్రమునకు మన భాషలో కలిగిన గౌరవమునకు నిదర్శనము. నిలిచియున్న గుఱ్ఱమును చూచి దాని భవిష్యత్తును చెప్పుట ఈ విద్య. దీనికి భిన్నముగా, పరుగునే ప్రమాణముగా గైకొని గుఱ్ఱమును ఎన్నవలెనను విద్య మఱియొక తీరమున పెరిగినది.

పదునేడవ శతాబ్దపు తుది నుండి పదునెనిమిదవ శతాబ్దపు పూర్వార్ధము వఱకు ప్రాచ్యదేశముల నుండి ఇంగ్లండు చేరిన మూడు మగగుఱ్ఱములు, బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనునవి, నేటి థరోబ్రెడ్ జాతి కంతటికి పితృమూలములు. వీనిలో డార్లీ అరేబియన్ 1704లో సిరియాదేశపు అలెప్పో నుండి వచ్చినది. అరబ్బు ఎడారులు కన్న ఉత్తమాశ్వములు మన రేవులకు వచ్చి యుద్ధములలో సమసిపోగా, అట్టి అశ్వములే చల్లని పచ్చిక బయళ్లయందు స్థానికపు ఆడుగుఱ్ఱములతో కలిసి అవిచ్ఛిన్నమైన వంశమును నిలిపినవి. 1791లో వెదర్బీ ప్రకటించిన స్టడ్ బుక్కుతో ఆ వంశమునకు లిఖితమైన ప్రవర యేర్పడినది.

తొలుత అచ్చటి పందెములు వేరు విధమైనవి. అయిదాఱేండ్ల ప్రౌఢాశ్వములు నాలుగేసి మైళ్లు ఒకే దినమున పలుమాఱులు పరుగెత్తి ఓర్పును నిరూపించుకొనుచుండెడివి. 1776లో డాంకాస్టరునందు మూడేండ్ల పిల్లలకు రెండు మైళ్ల పందెమొకటి ఆరంభమైనది. అదియే సెయింట్ లెజర్. 1780లో ఎప్సమునందు డెర్బీ పుట్టినది. తొలుత ఒక్క మైలే అయిన ఆ పరుగు నాలుగేండ్లకు మైలున్నర అయినది. 1809లో న్యూమార్కెట్టునందు ఒక్క మైలు దూరము గల టూ థౌజండ్ గినీస్ వచ్చినది. పుట్టుకలో పెద్దదైన సెయింట్ లెజర్ నేడు వరుసలో కడపటిదగుటయు, కడపట పుట్టిన గినీస్ మొదటిదగుటయు గమనింపదగినవి. మొదటిది వేగమును, రెండవది వేగముతోడి నిబ్బరమును, మూడవది దీర్ఘమైన ఓర్పును అడుగును. 1853లో వెస్ట్ ఆస్ట్రేలియన్ అను గుఱ్ఱము మూడింటిని మొట్టమొదట గెలిచినది. నాటి నుండి నేటి వఱకు ఇంగ్లండున ఆ గౌరవము పొందినవి 15 మాత్రమే. 1970లో గెలిచిన నిజిన్‌స్కీయే కడపటిది. 2012లో కెమెలాట్ మొదటి రెండింటిని గెలిచి, మూడవదానియందు ముక్కాలు లెంగ్త్ (గుఱ్ఱపు నిడివి) తేడాతో రెండవదిగా నిలిచినది.

తొలి డెర్బీ విజేత డయోమెడ్ వృద్ధాప్యమున, 1798లో, అమెరికాకు అమ్ముడుపోయి అచ్చటి అశ్వవంశములకు మూలమైనది. అమెరికనులు బెల్మాంటును 1867లోను, ప్రీక్‌నెస్‌ను 1873లోను, కెంటకీ డెర్బీని 1875లోను ఆరంభించిరి. 1919లో సర్ బార్టన్ మూడింటిని గెలిచినప్పుడు ఆ మూడును ఒక కిరీటమను భావన అచ్చట ఇంకను స్థిరపడలేదు. గౌరవము వెనుకటి కాలమునకు పిమ్మట సమర్పింపబడినది. ఇంగ్లండున వసంతము నుండి శరత్తు వఱకు నాలుగు నెలలు సాగు పరీక్ష అమెరికాలో సాధారణముగా అయిదు వారములకు కుదించుకొనిపోయినది. అందుచే అచ్చట దూరముతోపాటు విశ్రాంతిలేమియు శత్రువైనది. 1973లో సెక్రటేరియట్ బెల్మాంటును 31 లెంగ్త్‌ల ఆధిక్యముతో గెలిచెను. కాని 1978లో అఫర్మ్‌డ్ గెలిచిన పిమ్మట 2015లో అమెరికన్ ఫరోవా గెలుచు వఱకు 37 ఏండ్లు గడచినవి. ఆ నడుమ మొదటి రెండింటిని గెలిచి మూడవదానిని పొందలేకపోయిన గుఱ్ఱములు 13. వానిలో రియల్ క్వైట్ 1998లో ముక్కు వాసి తేడాతో ఓడినది. 2008లో అందఱును గెలుచునని నమ్మిన బిగ్ బ్రౌన్ అన్నిటికంటె వెనుక నిలిచినది.

ఈ వైఫల్యములకు శరీరధర్మమున సమాధానము కలదు. గుఱ్ఱము పరుగున ప్లీహము తనయందు దాచుకొన్న ఎఱ్ఱకణములను రక్తములోనికి విడుచును. ఒక్కొక్క దుముకునకు ఒక్కొక్క శ్వాస చొప్పున ఊపిరి పాదముల లయకు కట్టుబడియుండును. ఇట్టి అద్భుతయంత్రముననైనను, కొన్ని గుఱ్ఱముల కండరనిర్మాణము అల్పదూరపు విజృంభణకును, కొన్నిటిది దీర్ఘదూరపు ఓర్పునకును అనుకూలించును. మయోస్టాటిన్ అను జన్యువు రూపభేదములనుబట్టి ఏ గుఱ్ఱమునకు ఏ దూరము నప్పునో కొంతవఱకు ఊహింపవచ్చునని ఇటీవలి పరిశోధన తెలిపినది. మొదటి పందెమున గెలిపించిన దూకుడే మూడవదానియందు కడపటి ఫర్లాంగున బలమును హరించును. అందుకే రౌతు కొద్దీ గుఱ్ఱమన్నారు. ముందుకు దూకుచున్న ప్రాణిని నొప్పింపక పట్టి, విడువవలసిన క్షణమున విడుచు జాకీ చేతియందు సగము విజయము దాగియుండును.

అరబ్బుదేశము విడిచి ఇంగ్లండున వేరూనిన ఆ వంశము మరల సముద్రము దాటి మన తీరమునకు వచ్చుట ఈ కథలోని సంతోషకరమైన మలుపు. నెల్లూరికి దక్షిణమున, రైలులో కొన్ని గంటల దూరముననున్న చెన్నపట్టణపు గిండీలో 1777 నుండియే పందెములు జరిగినవని ప్రతీతి. హైదరాబాదులో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1886లో పందెములను మౌలాలీ నుండి మలక్‌పేటకు మార్పించెను; నేటికిని అచ్చట దక్కన్ డెర్బీ అక్టోబరు 2వ తేదీని జరుగుట ఆనవాయితీ. బొంబాయి మహాలక్ష్మీ రేసుకోర్సున తొలి ఇండియన్ డెర్బీ 1943లో జరుగగా, బరోడా మహారాజుగారి ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అను ఆడుగుఱ్ఱము దానిని గెలిచినది.

మన దేశపు ట్రిపుల్ క్రౌన్‌కు 1600 మీటర్ల గినీస్, 2400 మీటర్ల డెర్బీ, 2800 మీటర్ల సెయింట్ లెజర్ అంగములు. జనవరి మొదటితేదీని గుఱ్ఱముల వయస్సు ఒక యేడు పెరిగినట్లు లెక్కించుట ఆచారము గనుక, డిసెంబరున గినీస్ పరుగెత్తునప్పుడు మూడేండ్లదైన గుఱ్ఱము ఫిబ్రవరిలో డెర్బీ నాటికి నాలుగేండ్లదగును. ఈ కిరీటమును ధరించిన వానిలో స్క్వాండరర్ పేరు అశ్వప్రియులు గౌరవముతో స్మరింతురు. రషీద్ బైరామ్‌జీ శిక్షణలో 1977 నాటి డెర్బీని గెలిచిన ఆ గుఱ్ఱము, తన జీవితమున పరుగెత్తిన 19 పందెములలో 18 గెలిచినది. మన గడ్డపై పుట్టిన గుఱ్ఱము మన పందెములలో సార్వభౌమత్వము వహించుట, ఒకనాడు హురుముంజి ఓడకై ఎదురుచూచిన దేశమునకు సామాన్యమైన విషయము కాదు.

ఈ క్రీడను వెన్నంటి వచ్చు కీడును గూడ చెప్పవలయును. పందెపు వ్యసనము కుటుంబములను కూల్చునని తలచి 1974లో తమిళనాడు ప్రభుత్వము గుఱ్ఱపుపందెములను నిషేధించు చట్టము చేసినది. ఆ చట్టమును గూర్చిన వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు, గుఱ్ఱపుపందెము కేవలము అదృష్టముపై కాక నైపుణ్యముపై ఆధారపడినదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు పందెమును జూదము నుండి వేరుచేసినదే గాని, గృహస్థుని వివేకభారమును తొలగింపలేదు. గుఱ్ఱమునందలి నైపుణ్యము టికెట్టు కొనినవానికి సంక్రమింపదు. కూలిడబ్బును కౌంటరు వద్ద ఒడ్డువాడు ఆ ప్రాణి గొప్పతనమును గౌరవించుచున్నవాడు కాడు. అలసిన గుఱ్ఱమును కిరీటము పేర మరల పరుగునకు దింపు యజమానియు అట్టివాడే.

ఫేవరెట్ మూడింటిని గెలుచునా అను ప్రశ్నకు ఇక సమాధానము చెప్పవచ్చును. జనులు ఫేవరెట్‌ను జరిగిన రెండు పందెములనుబట్టి నిర్ణయింతురు. మూడవది ఆ రెండును అడుగని గుణమును అడుగును. కావున ఎంత నమ్మదగిన గుఱ్ఱమైనను ఓడుటకే అవకాశములెక్కువ. ఓడినంతమాత్రమున దాని ఘనత తగ్గదు. రెండు గుణములలో అద్వితీయమైన ప్రాణి మూడవదానియందు మఱియొకదానికి తలయొగ్గుట ప్రకృతిధర్మము. ఆ ధర్మమును ఎప్పుడో ఒకమాఱు అతిక్రమించి మూడింటిని గెలిచిన గుఱ్ఱము మాత్రము, దానిని కన్న తల్లికిని, గిట్టలు కడిగి రాత్రులు కాచిన సైసుకును, తొందరపడక తీర్చిన ట్రైనరుకును కూడ కిరీటమును తెచ్చిపెట్టును. ఆ గౌరవమును మనము వారందఱికిని పంచి యీయవలయును.