విడాకుల శాసనములో రెండు తూనికలు

జారత్వము భార్యకును భర్తకును సమానముగ దోషమే. న్యాయస్థానమున దానిని తూచిన తూనిక మాత్రము చిరకాల మొక్కటిగా లేదు. ఆ చరిత్రను శ్రోతలకు విన్నవించెదను.

పరాశరుడు స్త్రీకి పత్యంతరము చెప్పిన యాపద లైదు: పతి కానరాకపోవుట, మరణించుట, సన్న్యసించుట, క్లీబుడగుట, పతితుడగుట. పరస్త్రీగమన మందు పేరుపెట్టి చెప్పబడలేదు. పతితశబ్దములో నది యిముడునా యను విచారమును పండితులకు విడిచెదను.

దొరతనమువారు 1869లో క్రైస్తవులకై విడాకుల చట్టమొకటి చేసిరి. మన కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబములకును నదియే శాసనమయ్యెను. భార్య జారత్వము రుజువైనచో భర్తకు విడుదల లభించును. భార్య విడుదల కోరినచో భర్త జారత్వ మొక్కటియే చాలదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేండ్ల పరిత్యాగమో, అట్టి వేఱొక దోషమో చూపవలెను. అంతియకాదు, తన భార్యను గూడిన వానినుండి భర్త నష్టపరిహారము రాబట్టవచ్చును. తన భర్తను గూడిన యువతినుండి భార్య యేమియు నడుగజాలదు. పొరుగువాని పశువు చేనబడినప్పుడు రైతు పంటనష్టము కోరినట్లున్నది గదా! మన స్మృతులు భార్యను క్షేత్రమనుటను పరిహసించిన దొరలే ఆ క్షేత్రమునకు వెల కట్టించిరి.

ఈ చట్టమునకు మాతృక ఇంగ్లండున 1857లో పుట్టినది. అచ్చట 1923లోనే భార్యాభర్తలకు సమత్వము కల్పించిరి. ఇచ్చట 1995లో కేరళ హైకోర్టు కొంత కొట్టివేసినను, చట్టమును పార్లమెంటు సవరించునప్పటికి 2001 వచ్చెను. 132 ఏండ్లు!

హిందూవివాహ చట్టము 1955లో ఇరువురకు నొకే నియమ మేర్పరచినది. ఐనను విడాకులకు ఒక్కమారు తప్పుట చాలదు, జారత్వమున జీవించుచుండవలెను. ఒక్క తప్పునకు న్యాయస్థానము వేఱుకాపురమునకు మాత్రమే యనుమతించును. 1976 సవరణతో నొక్కటియే విడాకులకు చాలినది. తెలిసి క్షమించి కాపురము సాగించినవారికి మాత్రము, ఆ తప్పునే చూపి విడాకులు కోరు వీలు నాడును లేదు, నేడును లేదు. ఇది నాకు మిక్కిలి సమంజసముగ దోచును.

జారత్వము శిక్షార్హమైన నేరముగా 1860 నాటి శిక్షాస్మృతిలో నుండెను. అందును ఫిర్యాదు భర్తదే. అతడు సమ్మతించినచో నేరమే లేదు. సుప్రీంకోర్టు 2018లో దానిని కొట్టివేసి, విడాకులకు కారణముగ మాత్రము జారత్వమును నిలిపినది.

మిగిలినది భరణము. జారత్వమున జీవించు భార్యకు భరణము లేదని పూర్వపు విచారణస్మృతి చెప్పెను. 2024లో నమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయు నదే చెప్పుచున్నది. ఇచ్చట “జీవించు” అను పదము గట్టిది. ఒక్క తప్పటడుగుతో భార్య కూడు పోదని హైకోర్టులు పలుమారులు తీర్పు చెప్పినవి. విడాకులకు చాలిన రుజువు ఇచ్చట చాలదు.