గుడ్డు రేటు మన చేతికొచ్చిన ఏడు

మంట దగ్గరకి జరగండర్రా, మంచు దిగుతోంది. పేపర్లో గుడ్డు రేటు ఎవరు వేస్తారు తాతయ్యా అని పొద్దున అడిగావు కదరా, చెప్తా విను.

1981లో మన తణుకు వైపు కోళ్ల ఫారాల వాళ్ల అవస్థ పగవాడికి కూడా వద్దు. మొక్కజొన్న, తవుడు, చేపపొడి కొని మేపిన ఖర్చు కూడా గుడ్డుకి వచ్చేది కాదు. రేటు లేదని కోడి గుడ్డు పెట్టడం మానదు కదా! గుడ్ల అట్టలు పేరుకుపోతే ఎండలకి ఎన్నాళ్లు నిలవుంటాయి? అది వ్యాపారికీ తెలుసు. "పక్క ఫారం ఆయన రెండు పైసలు తగ్గించే ఇచ్చాడండీ" అనేవాడు నాతో. ఆయన దగ్గర నా పేరు చెప్పేవాడు. ఇద్దరం కలకత్తా వెళ్లే గుడ్ల లోడు కోసం పోటీపడేవాళ్లం, ఒకర్నొకరు ఎలా అడుగుతాం? దేశం మొత్తమ్మీద నూటికి నలభై ఫారాలు మూతపడ్డాయి.

అప్పుడు వెంకటేశ్వర హేచరీస్ బి.వి. రావు గారు, ఆయనతో కొందరు రైతులు బయల్దేరి ఊరూరా మీటింగులు పెట్టారు. దేశమంతా కలిపి 300 పైమాటే. వ్యాపారుల్నీ పిలిచేవారు. మా మీటింగులో చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒక పెద్దాయన జేబులోంచి లెక్కల పుస్తకం తీసి, ఫలానా తారీఖు, ఇన్ని అట్టలు, ఇంత రేటు అని చదివాడు. పక్కనున్నాయన లేచి నిలబడ్డాడు. "అదే రోజు మీరు తక్కువకిచ్చారని చెప్పి నాకు కోత పెట్టారండీ!" ఇంకేముంది, అందరి లెక్కలూ బయటికొచ్చాయి. ఒక వ్యాపారి కూడా, కలకత్తాలో రేపు రేటెంతో తెలీక భయంతోనే తగ్గించి అడుగుతున్నానని ఒప్పుకున్నాడు.

కోళ్లకొచ్చే కొక్కెర తెగులు మాటా ఆ రోజే వచ్చింది. కొనేవాడు రాడని ఎవరికి వాళ్లం దాచేవాళ్లం. ఖాళీ అట్టలతోపాటు తెగులూ షెడ్డు నుంచి షెడ్డుకి తిరిగేది. ఆనాటినుంచి ఎక్కడ కోడి తూలినా ముందు పక్కవాడికి కబురు పెట్టడం మొదలైంది.

1982 మేలో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పుట్టింది. నెక్ అంటారే, అదే. నా గుడ్డు, నా రేటు, నా బతుకు అన్నది నినాదం. రేటు మనమే వేసుకోవడం మొదలెట్టాం. దానికి అమ్మితీరాలని బలవంతం లేదు. ఒకసారి ఒకాయన బాగా తగ్గించి అమ్మేశాడు. ఎందుకయ్యా అని అందరి ముందూ అడిగితే, దాణా బాకీ, కొట్టువాడు గుమ్మంలో కూర్చున్నాడన్నాడు. ఆ కొట్టువాడికి నేనూ, ఇంకో ఇద్దరూ హామీ ఉన్నాం. తర్వాతి లోడు ఆయన సంఘం రేటుకే ఎత్తాడు.