రవికపై యంత్ర ఎంబ్రాయిడరీ
రవికపై యంత్ర ఎంబ్రాయిడరీ అనగా సాదా రవిక గుడ్డపై యంత్రంతో పువ్వులు, లతలు మొదలగు నమూనాలను కుట్టే పని. దీనినే కంప్యూటర్ వర్క్ అని కూడా అంటారు. ఇది చేతితో చేసే మగ్గం పనికంటే త్వరగా పూర్తవుతుంది. తొలి ఎంబ్రాయిడరీ యంత్రాన్ని 1828లో ఫ్రాన్సులో జోస్యూ హైల్మాన్ రూపొందించాడు.

తెలుగునాట సాధారణంగా గుడ్డను కత్తిరించక ముందే ఈ పని చేయిస్తారు. కొలతల ప్రకారం మెడ, వీపు, చేతుల భాగాలను సుద్దతో గీసి, కుట్టులోకి పోయే అంచును విడిచి నమూనాను అమర్చాలి. లేనిచో మెడ దగ్గరి పువ్వు సగం మడతలోకి పోతుంది. ఒక వైపుకు తిరిగిన నమూనా అయితే రెండవ చేతికి దానిని తిప్పి కుట్టాలి. మరచితే రెండూ ఒకే చేతివవుతాయి. ముందుగా కాగితంపై గీసి, గుడ్డపై పెట్టి చూసుకోవడం మేలు. పలుచని గుడ్డ ముడతలు పడకుండా అడుగున గట్టి కాగితం వంటి పొర వేసి ఫ్రేములో బిగిస్తారు. పట్టు గుడ్డపై కుట్టు విప్పినా సూది రంధ్రాలు కనిపిస్తూనే ఉంటాయి.